పుట్టినప్పటి హద్దు

గుంతోరో ఇంటి కప్పుకి కొత్త పెంకులు ఎక్కడి నుంచి వచ్చాయో తనకు తెలుసని కాఫీ కొట్టు తుకినెం అందట. ఆ మాట తుకినెంకి ఆమె తమ్ముడి భార్య చెప్పిందట. తమ్ముడి భార్యకి ఇసుక రేవులో లారీలకు చీటీలిచ్చే గుమాస్తా చెప్పాడట. వాన పట్టినప్పుడల్లా హెచ్చరిక కూత కూస్తే రేవు ఖాళీ అయిపోతుంది, రేవు ఖాళీ అయితే కంట్రాక్టరుకి నష్టం, అందుకని గుంతోరో చేతిలో ఏదో పెట్టారట, ఆ మధ్యాహ్నం అతను యంత్రం గొంతు నొక్కేశాడట. నాకీ సంగతి మా అత్తగారు చెప్పింది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. చెప్పేసి, "వాడికి చదువు చెప్పింది నువ్వేగా" అని కూడా అంది.

ఆ మధ్యాహ్నమే నది రేవు మీదకి వచ్చి తార్ముజి పోయాడు, అప్పటికి తొమ్మిది రోజులు. ఏడో రోజు ప్రార్థనలు అయ్యాయి. అతని భార్య రుమిని ఆ తొమ్మిది రోజులూ ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

మాది కొండకి పడమటి వాలులో వుని నది ఒడ్డున ఉన్న ఊరు. కొండ నిప్పు కక్కినప్పుడు పారిపోవడం మాకు అలవాటే, దానికి ముందే గుర్తులు కనిపిస్తాయి. అసలు భయం ఆ తర్వాతి వానాకాలాలది. పైన పేరుకున్న బూడిద, ఇసుక, ఎద్దులంత బండలు వాన నీటిలో కలిసి ఒక్క ఊపున నదిలోకి దిగుతాయి. కింద ఊళ్లో చినుకు కూడా ఉండకపోవచ్చు. ఆ వచ్చిన ఇసుకనే మర్నాటి నుంచి తవ్వుకుని లారీలకెత్తి బతుకుతాం. పెట్టేదీ నదే, మింగేదీ నదే.

అందుకని ఊరు ఒక కావలి సంఘం పెట్టుకుంది. పైన మూడు చోట్ల నేల అదురుని వినే పరికరాలు, వాన కొలిచే గిన్నెలు, నదిని చూపే ఒక కెమెరా. ఇవన్నీ సభా మందిరం వెనక గదిలో ఉన్న సర్వర్‌కి కబురు పంపుతాయి. అందులో ఒక ప్రోగ్రామ్ పగలూ రాత్రీ నడుస్తూ, నేల అదిరిందంటే ఊరి వాళ్ల ఫోన్లన్నిటికీ ఒకేసారి కూత పంపుతుంది. దాన్ని చూసుకునేవాడు గుంతోరో. పట్నంలో నేను కంప్యూటర్లు చెప్పే వృత్తి విద్యా పాఠశాలలో ఆరేళ్ల కిందట నా దగ్గరే చదివాడు. మాటకారి కాదు. తిట్టినా తల వంచుకుని, పొగిడినా తల వంచుకుని ఉండేవాడు.

తార్ముజి పోయిన రోజున కూత కొందరి ఫోన్లలో వచ్చింది, కొందరి ఫోన్లలో రాలేదు. రేవులో ఉన్న పదకొండు మందిలో ఒక్కడి ఫోనూ మోగలేదు. పదిమంది నేల అదురు కాళ్లకి తగిలి గట్టెక్కారు. తార్ముజి లారీ కింద జాకీ పెడుతూ ఉన్నాడు.

సోమవారం పట్నం నుంచి పోలీసులు వస్తారనీ, ఈలోగా సంఘం తన మాట కాగితం మీద పెట్టాలనీ కబురొచ్చింది. ఆ కాగితంలో గుంతోరో పేరు ఏ వరుసలో పడుతుందన్నదే ఇక మిగిలింది. యంత్రాన్ని ఆపాడని పడితే అతన్ని తీసుకుపోతారు. ఊళ్లో శిక్ష అంతకు ముందే మొదలైంది. అతని తల్లి సంతలో పులియబెట్టిన సోయాగింజల టెంపే అమ్ముతుంది. ఆ వారమంతా ఆమె అరిటాకు పొట్లాలు ఉన్నవి ఉన్నట్టే ఇంటికి తిరిగొచ్చాయి.

సంఘం పెద్ద పాక్ హర్జో శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. బడిలో పెద్ద మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి, పెద్దవాళ్లని మర్యాదగా పిలిచినట్టు ఊరంతా 'పాక్' అనే పిలుస్తుంది. మా వైపు ఎవరూ వచ్చిన పని వచ్చీ రాగానే చెప్పరు. ఆయన మొదటి గ్లాసు టీతో మా సలాక్ పళ్ల తోట గురించి మాట్లాడాడు. రెండో గ్లాసుతో మా ఆయన మోకాలి నొప్పి గురించి. మూడో గ్లాసు సగమయ్యాక, "నీకు వీలైతే, నీకేమీ ఇబ్బంది లేకపోతే, ఆ యంత్రాన్ని ఒకసారి చూస్తావేమోనని..." అని ఆగాడు. శనివారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత సభ. పొద్దున్నే వస్తానన్నాను.

*

ఆ సర్వర్ గదిలోకి అడుగుపెట్టగానే ఎవరికైనా ముందు కనిపించేది యంత్రం కాదు, దాని పైన గోడకి తగిలించిన నల్ల పలక. "కన్ను మూయని కాపలా" అని తెల్ల రంగుతో రాసి, కింద సుద్దతో ఒక అంకె. ఆ రోజున 431. ప్రోగ్రామ్ ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచిన రోజులు. ప్రతి ఉదయం పాక్ హర్జో స్వయంగా వచ్చి పాత అంకె తుడిచి కొత్తది రాస్తాడు. నూరు రోజులు నిండినప్పుడల్లా ఊరంతా సలామతన్ విందు. పసుపన్నం గోపురంలా పేర్చి, చుట్టూ కోడికూర, గుడ్లు, కొబ్బరి కలిపిన ఆకుకూరలు పెట్టి, ప్రార్థన చేసి, అందరం చాపల మీద కూర్చుని తింటాం. నాలుగు విందులూ నేను తిన్నదాన్నే.

ఇది ఆయన వేడుక కోసం పెట్టింది కాదు. యాభై ఏళ్ల కిందట, యంత్రాలు లేని రోజుల్లో, పై వాడలో ఒక మనిషి చెక్క డోలు పక్కన కూర్చుని నదిని చూస్తుండేవాడు. ఒక సాయంత్రం అతను అన్నానికి ఇంటికి వెళ్లాడు. అతను వెళ్లిన ఆ కాసేపట్లోనే నది వచ్చింది. అందులో పాక్ హర్జో అన్నగారు కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. కావలి కన్ను రెప్ప వేయకూడదన్న మాట ఆయన నోట్లో ఎక్కడి నుంచి వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికీ నాలుక మీదకి రాదు.

గుంతోరో గుమ్మం బయటే నిలబడ్డాడు. గది తాళం చెవి అతని దగ్గర్నించి తీసేసుకున్నారు.

"లోపలికి రా" అన్నాను.

"ఇక్కడుంటాను బు. కనబడుతోంది." బడిలో పిల్లలందరూ టీచరమ్మని పిలిచే పిలుపే అది, బు.

"దూరం నుంచి చూసి నేర్చుకున్నావా ఇన్నాళ్లూ? రా."

అతను పాక్ హర్జో వైపు చూశాడు. ఆయన కళ్లతో సరేనన్నాక చెప్పులు విడిచి వచ్చి నా వెనక కూర్చున్నాడు.

మొదట తేల్చాల్సింది అతను యంత్రాన్ని ఆపాడా లేదా అన్నది. అది చిటికెలో తేలింది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ యంత్రం ఒక నంబరు ఇస్తుంది, అది పుట్టిన రోజూ గంటా రాసి పెట్టుకుంటుంది. కూత పంపే ప్రోగ్రామ్ పుట్టి నాలుగు వందల ముప్ఫై ఒక్క రోజులు. అదే నంబరు, అదే పుట్టుక. నడుమ ఎవరైనా ఆపి మళ్లీ మొదలుపెట్టి ఉంటే కొత్త నంబరు, కొత్త తేదీ ఉండేవి. పాక్ హర్జోకి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి తేదీ రెండుసార్లు చదివాడు. గుండెల్లో నిలిపిన గాలి వదిలాడు. అప్పటికి ఆయన ముఖంలో గర్వం కూడా కొంచెం చూశాను. కాపలా ఆగలేదు కదా.

అయితే కూత ఎందుకు రాలేదు? ప్రోగ్రామ్ తన రోజువారీ పనులు ఒక చిట్టాలో రాసుకుంటుంది. అది తెరిచాను. ఆ రోజు మధ్యాహ్నం రెండూ యాభై ఒకటికి పైన నేల అదిరింది. ప్రోగ్రామ్ కూత పంపింది. కానీ దానికి పావుగంట ముందు నుంచే చిట్టాలో ఒకే ఒక్క వాక్యం, వరుస కింద వరుస, వందలు కాదు వేలు. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి.

"ఏ ఫైళ్లు? ఇక్కడ ఎవరు ఫైళ్లు తెరిచారు?" అన్నాడు పాక్ హర్జో.

చెప్పాను. యంత్రంలో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ హద్దులుంటాయి. ఎంత మెమరీ తినొచ్చు, ఎన్ని పనులు పుట్టించొచ్చు, ఎన్ని ఫైళ్లు ఒకేసారి తెరిచి పట్టుకోవచ్చు. ఒకడు విందులో గోపురమంతా తన ఆకులోకి లాక్కోకుండా పెట్టిన కట్టుబాటు లాంటిది. మనం ఫోనులో కావలి యాప్ తెరిచినప్పుడు మన ఫోనుకీ ఈ ప్రోగ్రామ్‌కీ మధ్య ఒక దారం కట్టుకుంటుంది. ఆ దారం కూడా దాని లెక్కలో ఒక తెరిచిన ఫైలే. హద్దు నిండితే, తర్వాత వచ్చిన ఫోను ఎంతసేపు తలుపు తట్టినా లోపలికి రాలేదు. దారం కట్టుకోని ఫోనుకి కూత చేరదు.

"హద్దు ఎంత?"

ఆ ప్రశ్నకే గుంతోరో మొదటిసారి తలెత్తాడు. "పెంచాను బు" అన్నాడు. "ఎనిమిది నెలల కిందటే పెంచాను. పుస్తకంలో రాశాను."

పుస్తకం తీశాడు. రాత ముత్యాల్లా ఉంది, క్లాసులో ఉన్నట్టే. ఊరి ఫోన్లు ఆరువందలు దాటాయని, లారీల వాళ్లూ చుట్టాలూ కూడా చేరుతున్నారని, అందుకని తెరిచే ఫైళ్ల హద్దుని వెయ్యిన్నీ ఇరవై నాలుగు నుంచి ఎనిమిది వేల నూట తొంభై రెండుకి మార్చానని. కింద ఇంకో వరుస. సరిచూశాను, ఎనిమిది వేల నూట తొంభై రెండు చూపిస్తోంది. సంతకం.

"ఎలా సరిచూశావు?"

"మీరు చెప్పినట్టే. తెర మీద ఆజ్ఞలు కొట్టే కొత్త కిటికీ తెరిచి, హద్దు ఎంత అని అడిగాను."

నేనూ అలాగే అడిగాను. కిటికీ ఎనిమిది వేల నూట తొంభై రెండు అంది. అతను రాసింది అబద్ధం కాదు.

తర్వాత నడుస్తున్న ప్రోగ్రామ్ నంబరు పట్టుకుని దాని సొంత హద్దుల జాబితా తెరిచాను. యంత్రం ప్రతి ప్రోగ్రామ్ పేరునా అలాంటి జాబితా ఒకటి ఉంచుతుంది. ఎవరైనా చదవొచ్చు, కానీ చదవాలని తోచాలి. పదహారు వరుసలు. తెరిచే ఫైళ్ల వరుస దగ్గర వేలు పెట్టాను. వెయ్యిన్నీ ఇరవై నాలుగు.

రెండు అంకెలూ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి.

"ఇందులో ఏది నిజం?" అన్నాడు పాక్ హర్జో.

"రెండూ నిజమే పాక్. అది ఇప్పుడే నేను తెరిచిన కిటికీ హద్దు. ఇది ప్రోగ్రామ్ హద్దు. ప్రోగ్రామ్ పుట్టినప్పుడు దాన్ని పుట్టించిన దాని దగ్గర్నించి హద్దులు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత మనం నియమం మార్చినా, అప్పటికే పుట్టి తిరుగుతున్న దానికి అంటదు. కొత్తగా పుట్టినవాటికే. గుంతోరో నియమం మార్చాడు. ప్రోగ్రామ్ మాత్రం అంతకు ముందు పుట్టింది."

"మరి దానికి అంటాలంటే?"

"మామూలుగా అయితే ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒక నిమిషం పని."

ఆయన పలక వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన పడుతున్న కష్టం నాకు కనిపించింది.

గుంతోరో చాలా నెమ్మదిగా, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లాడి గొంతుతో అన్నాడు. "నేను అడిగాను పాక్."

పాక్ హర్జో కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

అడిగిన తీరు తర్వాత అతనే నాకు చెప్పాడు. అప్పటికి నూట తొంభై ఒకటో రోజు. రెండు వందల విందుకి మేకని మాట్లాడేశారు. గుంతోరో వాకిట్లో నిలబడి, వాన గురించి మాట్లాడి, మేక గురించి మాట్లాడి, ఎప్పుడైనా ఒక్క నిమిషం యంత్రాన్ని ఆపే వీలుంటుందేమోనని అన్నాడు. ఎందుకో చెప్పబోయాడు. పాక్ హర్జో నవ్వి, "చూద్దాం" అన్నాడు. మా ఊళ్లో పెద్దవాళ్లు చూద్దాం అంటే ఇక చూడరని చంటిపిల్లలకి కూడా తెలుసు. రెండోసారి అడగడం మర్యాద కాదు. పైగా కిటికీ ఎనిమిది వేలు చూపిస్తోంది కదా, బహుశా ఆపకుండానే అంటిందేమో అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికీ తేలికగానే ఉంది.

ఆ జాబితాని కాగితం మీద అచ్చు తీశాను, చిట్టాలోని ఆ పావుగంటనీ తీశాను. అప్పుడు ఒక వరుస కొట్టాను. నడుస్తున్న ప్రోగ్రామ్ నంబరు చెప్పి, దాని హద్దుని ఇంతకి పెంచమని. ఎంటర్ నొక్కి, జాబితా మళ్లీ తెరిచాను. ఎనిమిది వేల నూట తొంభై రెండు. పుట్టిన తేదీ పాతదే. ప్రోగ్రామ్ ఆగలేదు, తుమ్మలేదు.

గుంతోరో నా భుజం మీదుగా ముందుకి వంగాడు. "ఆపకుండానే పెంచొచ్చా?"

"పెంచొచ్చు."

"బయటి నుంచి? నడుస్తుండగానే?"

"ఊఁ."

తెర మీది అంకెని వేలితో తాకాడు. "మీరు మాకిది చెప్పలేదు బు."

"చెప్పలేదు" అన్నాను. "నాకు తెలుసు. పరీక్షలో రాదని వదిలేశాను."

అతను నన్ను ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

*

పాక్ హర్జో గుంతోరోని టీ తెమ్మని పంపాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, వానాకాలం పిడుగుల గురించి మొదలుపెట్టాడు. పోయినేడు పై వాడలో కొబ్బరిచెట్టు కాలిపోయిందన్నాడు. పిడుగు పడితే యంత్రాలకి ఏమైనా కావచ్చు కదా అన్నాడు. అలా రాస్తే గుంతోరో మీద మచ్చ ఉండదు, నీ చదువు మీద మచ్చ ఉండదు, ఊరి మీదా ఉండదు అన్నాడు. తన పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

ఆయన దుర్మార్గుడు కాడు. ఒకటో తరగతిలో నా చేయి పట్టి రాయించింది ఆయనే. ఆ పిడుగు మాట ఎంత తియ్యగా ఉందో కూడా చెప్పాలి. ఒక్క పిడుగు అంటే చాలు, గదిలో ఉన్న ముగ్గురమూ ఇంటికి పోయి అన్నం తినొచ్చు.

"పిడుగుని పోలీసులు నమ్ముతారేమో పాక్" అన్నాను. "తుకినెం నమ్మదు. ఆ పిడుగుని ఎవరు పిలిచారు, ఎంతిచ్చి పిలిచారు అంటుంది. ఆ కుర్రాడి తల్లి టెంపే ఎప్పటికీ అమ్ముడుపోదు."

ఆయన సన్నగా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. సుద్దముక్క చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేను ఇంకొక్క పని చేశాను. ఆ రోజు లోపలికి చోటు దొరికిన ఫోన్లు ఎవరివో చిట్టాలో చూశాను. చూడకపోయినా నడిచేది. ఊరి వాళ్లవి మూడు వందల పైచిలుకు. మిగతావన్నీ జకార్తాలో, సురబయలో, ఇంకా దూరాల్లో ఉన్న మా పిల్లలవీ చుట్టాలవీ. కొండ మీద వాన పడుతోందని తెలియగానే వాళ్లంతా కెమెరాలో నదిని చూడటానికి యాప్ తెరిచారు. పట్నాల్లో సిగ్నల్ గట్టిగా ఉంటుంది, దారం ఒకసారి కడితే తెగదు. నది గుంటలో ఉన్నవాళ్లకి సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పోయి తిరిగి వచ్చేసరికి వాళ్ల చోటులో ఇంకెవరో కూర్చున్నారు. నదికి ఎంత దూరంగా ఉంటే అంత తేలిగ్గా చోటు దొరికిందన్నమాట. ఆ జాబితాలో పాక్ హర్జో కూతురు ఉంది. నేనూ ఉన్నాను. ఆ మధ్యాహ్నం పట్నంలో, బడి స్టాఫ్ రూములో, ఫ్యాను కింద కూర్చుని ఉన్నప్పుడు నా ఫోను చక్కగా కూసింది.

*

సభకి దాదాపు ఇంటికొకరు వచ్చారు. మగవాళ్లు ముందు చాపల మీద, ఆడవాళ్లు వెనక. రుమిని వెనక్కి పోలేదు. ముందు వరుసలో, మగవాళ్ల పక్కన, కాళ్లు మడిచి కూర్చుంది. పక్కనున్నవాళ్లు జరిగి చోటిచ్చారు.

ముందు లారీ డ్రైవరు కస్నో చేత చెప్పించారు. వాన మబ్బు చూసి తార్ముజి రెండుసార్లు ఫోను తీశాడట. తెర మీద చక్రం తిరుగుతూ "కలుపుతోంది, కలుపుతోంది" అని ఉందట. ఇక్కడ సిగ్నల్ ఎప్పుడూ ఇంతే, కూత రాలేదంటే పైన ఏమీ లేదని అర్థం, అన్నాడట తార్ముజి. మన కాపలా ఎప్పుడూ నిద్రపోదు కదా, అన్నాడట. కస్నో ఆ చివరి మాట చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందేమోనన్నట్టు చుట్టూ చూశాడు.

తర్వాత నేను లేచి కాగితాలు చదివాను. పుట్టిన తేదీ, రెండు అంకెలు, పుస్తకంలో రాత అన్నీ చదివి, చూద్దాం అన్న మాట మాత్రం వదిలేశాను. అది నాది కాదు. నా వంతు చెప్పుకున్నాను. కిటికీని అడగమని నేర్పింది నేనే, నడుస్తున్న దాన్నే అడగాలని నేర్పనిది నేనే. ఎవరి ఫోన్లు లోపల ఉన్నాయో కూడా చదివాను. పేర్లు చదవలేదు, లెక్క మాత్రం చదివాను. కానీ ఎవరి పిల్లలు ఎక్కడున్నారో ఎవరికి తెలియదు? మందిరంలో తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

తుకినెం వెనక నుంచి గొంతు సవరించుకుంది. "అదంతా సరేనమ్మా, మాకర్థమయ్యే మాటలేనా ఇవి? ఆ పెంకుల సంగతేమిటి మరి?"

గుంతోరో తల్లి లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అంది. "దూడనమ్మాను. కొన్నది నీ తమ్ముడే. ఇంటికెళ్లి మీ దొడ్లో చూసుకో, తోక దగ్గర తెల్ల మచ్చుంటుంది."

రెండు మూడు చోట్ల నవ్వు పుట్టబోయి, రుమిని వీపు చూసి ఆగిపోయింది. తుకినెం, తాను విన్నదే చెప్పానని, తనకెందుకు ఒకరి పెంకుల గొడవ అని గొణిగింది.

అప్పుడు పాక్ హర్జో లేచాడు. లేవడానికి స్తంభం పట్టుకున్నాడు. యాభై ఏళ్లుగా ఆ మందిరంలో మాట్లాడుతున్న మనిషి. ఎప్పుడూ మాట తడుముకోగా నేను వినలేదు.

"గుంతోరో నన్ను అడిగాడు" అన్నాడు. "ఒక్క నిమిషం ఆపుతానన్నాడు. ఎందుకో చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. చూద్దాం అన్నాను. నాకు అంకె పోతుందని బాధ. టీచరమ్మ మర్యాదకి ఆ ముక్క చదవలేదు. అది కూడా కాగితంలో రాయండి."

ఎవరిదో చిన్నపిల్ల ఏడుస్తుంటే తల్లి ఎత్తుకుని బయటికి తీసుకెళ్లింది. పాక్ హర్జో జేబులోంచి గది తాళం చెవి తీసి, నడిచి వెళ్లి, గుంతోరో ముందు చాప మీద పెట్టాడు. గుంతోరో దాన్ని ముట్టుకోలేదు. అతని తల్లి తీసి కొంగున కట్టుకుంది.

కాగితం ఎలా రాయాలన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. గుంతోరో యంత్రాన్ని ఆపలేదు. హద్దు పెంచడానికి ఆపుతానంటే సంఘం పెద్ద ఆపనివ్వలేదు. ఎవరూ రెండోసారి అడగలేదు, ఎవరూ నడుస్తున్న దాని హద్దు చూడలేదు. ఇంతే. సంతకాలు మొదలయ్యాయి. కాగితం ఒక్కో చాప దాటుతుంటే మనుషుల ముఖాల్లో బిగుతు సడలడం నాకు తెలుస్తూనే ఉంది. నాలో కూడా సడలింది. కుర్రాడు బయటపడ్డాడు. పెద్దాయన నిజం ఒప్పుకున్నాడు. ఊరు ఒక చెడ్డ పని నుంచి తప్పుకుంది. ఒకరిద్దరు అప్పుడే గొంతు తగ్గించి సోమవారం పోలీసుల ముందుకి ఎవరెవరు వెళ్లాలో మాట్లాడుకుంటున్నారు.

రుమిని దగ్గరికి కాగితం వచ్చింది. ఆమె దాన్ని చదివింది, ఒళ్లో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు, పక్కవాళ్లకీ ఇవ్వలేదు.

పాక్ హర్జో ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ వయసులో ఆయన అలా కూర్చోవడం చూసి ఇద్దరు లేవబోయారు. చెయ్యెత్తి వద్దన్నాడు.

"తల్లీ," అన్నాడు, "వీళ్లెవరూ కావాలని చేసింది కాదు. ఎవరూ నీ ఇంటికి చెడు తలపెట్టలేదు. అది తెలిశాక నీ మనసు కాస్తయినా కుదుటపడిందా?"

రుమిని ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత చుట్టూ, ఒక్కొక్క వరుసా, వెనక ఆడవాళ్ల దాకా చూసింది.

"ఒక్కడు కావాలని చేసుంటే వాడొక్కడి గుమ్మం ముందు ఉమ్మేసి పోయేదాన్ని పాక్," అంది. "ఇప్పుడు సంతకెళ్లాలంటే ఈ ఊళ్లో ఏ వీధిన నడవమంటారు?"